ఇంటిపేరు చివరి అక్షరాలు: ఉది ప్రజల ఊళ్లు ఎలా చెదిరాయి

1918 మే నెలలో సర్దారాపాట్ దగ్గర ఒట్టోమన్ సేనలను ఆపిన యెరెవాన్ దళానికి అధిపతి జనరల్ మొవ్సెస్ సిలిక్యాన్. ఆర్మేనియాలో ఆయన జాతీయ వీరుడు. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1922లో, కొన్ని శరణార్థి కుటుంబాలను వెంటబెట్టుకుని జార్జియాలోని కాఖేతి ప్రాంతానికి వెళ్లి అక్కడో కొత్త ఊరు నిలబెట్టినాయన జినోబి సిలికాష్విలి. ఆ ఊరికి ఆయన పేరే వచ్చింది: జినోబియాని.

ఈ ఇద్దరి మూలం ఇప్పటి అజర్‌బైజాన్ ఉత్తర భాగంలో, కాకసస్ కొండల పాదాన ఉన్న వర్తాషేన్. ఇంటిపేరుకు మూలం కూడా ఒకటే, సిలిక్. రష్యన్ దొర రాస్తే సిలికోవ్ అయింది, ఆర్మేనియన్ చర్చి రాస్తే సిలిక్యాన్ అయింది, జార్జియాలో స్థిరపడితే సిలికాష్విలి అయింది. నిజానికి వీళ్లు ఉది అనే చిన్న జాతికి చెందినవాళ్లు. వీళ్లు రష్యన్లూ కారు, ఆర్మేనియన్లూ కారు, జార్జియన్లూ కారు; ఆ మూడు భాషలకూ వీళ్ల భాషతో చుట్టరికం లేదు.

2020లో ఆర్మేనియన్లకూ అజర్‌బైజానీలకూ మధ్య కరబాఖ్ ప్రాంతం కోసం యుద్ధం జరిగినప్పుడు మన పత్రికలు కూడా దాన్ని రెండు జాతుల, రెండు మతాల తగాదాగానే రాశాయి. ఆ రెండు గళ్లలోనూ ఇమడని జనం ఒకరున్నారని, ఆ తగాదాలో ఊరు పోగొట్టుకున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారని ఎక్కడా కనిపించలేదు. ఉదిలు క్రైస్తవులు, కానీ ఆర్మేనియన్లు కారు. అజర్‌బైజాన్ మూలవాసులు, కానీ తురుష్క భాష వాళ్లది కాదు. ప్రపంచమంతా కలిపి లెక్కేసినా పదివేలకు అటూ ఇటూగా ఉంటారు. వర్తాషేన్ ఉదిల నెత్తిన ఇన్ని కష్టాలు వచ్చిపడింది వాళ్లు ఉదిలైనందుకు కాదు, కాగితాల్లో మరొకరిగా కనిపించినందుకు. ఇవాళ వాళ్లకు న్యాయం చేశామని చెప్పుకునేవాళ్లు చర్చి గోడలకు సున్నం వేసి ఆ కాగితాల సంగతి వదిలేస్తున్నారు. నా అభ్యంతరమంతా దాని మీదే.

మూలాలు

ఉది భాష ఈశాన్య కాకసస్ కుటుంబంలో లెజ్గిక్ శాఖకు చెందినది. దీని పూర్వరూపం ఒకప్పుడు ఒక రాజ్యానికి రాతభాష. ఆ రాజ్యం కాకసస్ అల్బేనియా. బాల్కన్ దేశమైన అల్బేనియాకూ దీనికీ పేరు తప్ప వేరే సంబంధం లేదు. అక్కడి తెగలు 26 భాషలు మాట్లాడేవనీ, తొలుత తెగకో రాజు ఉండేవాడనీ, తర్వాత అందరికీ ఒక్కడే అయ్యాడనీ గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. రాజధాని మొదట గబాలా, తర్వాత పర్తావ్, అంటే ఇప్పటి బర్దా. నాలుగో శతాబ్దంలో ఉర్నాయర్ రాజు కాలంలో క్రైస్తవం వచ్చింది. ఆర్మేనియన్ లిపిని రూపొందించిన మెస్రోప్ మష్తోత్స్‌కే ఐదో శతాబ్దపు తొలినాళ్లలో అల్బేనియన్ లిపినీ సిద్ధం చేసిన ఖ్యాతి ఉంది. అందులో 52 అక్షరాలు.

ఆ లిపి వెయ్యేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. 1937లో ఇలియా అబులాద్జే అనే జార్జియన్ పండితుడికి ఒక ఆర్మేనియన్ రాతప్రతిలో అక్షరాల పట్టిక దొరికింది. 1940ల చివర్లో మింగెచెవిర్ తవ్వకాల్లో కొన్ని చిన్న శాసనాలు బయటపడ్డాయి. చదవడానికి చాలినంత పాఠం మాత్రం ఈజిప్టులోని సీనాయి కొండ పాదాన, సెయింట్ కేథరిన్ మఠంలో దొరికింది. 1975లో అక్కడ బయటపడ్డ రాతప్రతుల్లో రెండు జార్జియన్ పుస్తకాలు పాత తోలుపత్రాల మీది రాతను గీకేసి, వాటి మీదే మళ్లీ రాసినవి. అడుగున ఉన్నది అల్బేనియన్ లిపి అని 1990ల్లో జాజా అలెక్సిద్జే గుర్తించాడు. జోస్ట్ గిప్పర్ట్, వుల్ఫ్‌గాంగ్ షుల్జే తదితరులు అతినీలలోహిత కాంతిలో తీసిన ఛాయాచిత్రాల సాయంతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని, 2008 నుంచి ఆ పాఠాన్ని ప్రచురించారు. యోహాను సువార్త భాగాలూ, ఆరాధనలో చదివే పాఠాల సంపుటీ అందులో ఉన్నాయి. ఆ భాష వ్యాకరణానికి బతికున్న భాషల్లో అన్నిటికన్నా దగ్గరిది ఉది. ఉది తెలియకపోతే ఆ పుటలు అర్థమయ్యేవి కావు.

చర్చి రిజిస్టరు

కథను 1836తో మొదలుపెట్టడం అజర్‌బైజాన్ రాజధాని బాకూలో అలవాటు. ఆ ఏడాది జార్ మొదటి నికొలాయ్ ఒక శాసనంతో ఆర్మేనియన్ చర్చి వ్యవహారాలన్నిటికీ ఎచ్మియాడ్జిన్‌ను కేంద్రం చేశాడు. కరబాఖ్‌లోని గంజసార్ మఠంలో ఉండిన అల్బేనియన్ చర్చి పీఠం దాంతో లేకుండా పోయింది. ఆ పీఠాధిపతికి ఉన్న కాథలికోస్ (చర్చి సర్వాధిపతి) హోదాను 1815లోనే తీసేసి మెట్రొపాలిటన్‌గా దించారు.

ఇది నిజమే. కానీ 1836కి ముందు అక్కడ ఉది భాషలో ఆరాధన సాగుతుండేదనీ, జార్ ఒక్క కలంపోటుతో దాన్ని చంపాడనీ చెబితే మాత్రం అది పొరపాటు. ఎనిమిదో శతాబ్దపు మొదట్లోనే అల్బేనియన్ చర్చి ఆర్మేనియన్ చర్చి మాటకు లోబడింది. శతాబ్దాల తరబడి గంజసార్‌లో ప్రార్థనా, శాసనాలూ, లెక్కలూ ఆర్మేనియన్‌లోనే నడిచాయి. 1836 మార్చింది ఇంకోటి. అప్పటిదాకా పేరుకైనా వేరే పీఠం కింద ఉన్న ఉదిలు ఆ తర్వాత ప్రభుత్వ లెక్కల్లో ఆర్మేనియన్ చర్చి సభ్యులయ్యారు. రష్యన్ సామ్రాజ్యంలో అప్పటికి ఇప్పటిలా పౌర రిజిస్ట్రేషన్ లేదు. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ చర్చి పుస్తకంలోనే ఎక్కేవి. ఆ పుస్తకం రాసే పాదిరికి వచ్చింది ఆర్మేనియన్. బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు రాసి చివర 'యాన్' తగిలించడం అతనికి మామూలు పని. ఊరి బడి కూడా చర్చిదే, చదువూ అదే భాషలో.

వర్తాషేన్‌లో ఇంకో చీలిక వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో కొన్ని కుటుంబాలు జార్జియన్లు పాటించే ఆర్థడాక్స్ శాఖలో చేరాయి. వాళ్ల రిజిస్టరు వేరు, బడి వేరు, ఇంటిపేర్ల తోకలు వేరు. అలా ఒకే వీధిలో ఒకే భాష మాట్లాడే రెండు ఇళ్లలో ఒకటి కాగితం మీద ఆర్మేనియన్‌లా, మరొకటి జార్జియన్‌లా తయారయ్యాయి. ఆర్థడాక్స్ వైపు నుంచే సెమ్యోన్ బెజానోవ్ వచ్చాడు. అతను ఉదిలోకి తెచ్చిన సువార్తలు 1902లో తిఫ్లిస్ (ఇప్పటి టిబిలిసి)లో అచ్చయ్యాయి.

చుట్టుపక్కల మరికొన్ని ఉది ఊళ్లు ఇస్లాం స్వీకరించి, రెండు మూడు తరాల్లో అజర్‌బైజానీ మాట్లాడేవిగా మారాయి. వాళ్లను ఎవరూ తరమలేదు, ఊళ్లూ అక్కడే ఉన్నాయి. భాష ఒక్కటే పోయింది.

జినోబియాని

1918 నుంచి 1920 దాకా కాకసస్ కొండలకు దక్షిణాన ఉన్న ట్రాన్స్‌కాకసస్‌లో ఏ ప్రభుత్వమూ నిలకడగా లేదు. గ్రామాల మీద దాడులు, ఎదురుదాడులు. వర్తాషేన్ ఉదిలూ ఆ హింసలో నలిగారు. ఆర్థడాక్స్ కుటుంబాల్లో కొన్ని సిలికాష్విలి వెంట కాఖేతిలోని క్వారెలి వైపు వెళ్లాయి. సోవియట్ కాలంలో ఊరి పేరు ఒక్తోంబెరి, అంటే అక్టోబరు విప్లవం పేరు పెట్టారు, తర్వాత పాత పేరు తిరిగొచ్చింది. ఇప్పుడక్కడ ఉదిలు కొన్ని వందల మందే. అయినా వందేళ్ల క్రితం వర్తాషేన్‌లో వినిపించిన మాండలికం అక్కడ పెద్దవాళ్ల నోట ఇంకా నిలిచే ఉంది.

1988-89, వర్తాషేన్

వర్తాషేన్ జిల్లా కేంద్రం. ఉదిలతో పాటు అజర్‌బైజానీలు, ఆర్మేనియన్లు, కొండ యూదులు కలిసి ఉండిన పట్టణం. కరబాఖ్ తగాదా రాజుకున్న 1988 ఫిబ్రవరిలో, బాకూ దగ్గరి సుమ్‌గాయిత్‌లో ఆర్మేనియన్ల ఊచకోత జరిగింది. ఆ ఏడాది చివరికి అజర్‌బైజాన్ నుంచి ఆర్మేనియన్లు, ఆర్మేనియా నుంచి అజర్‌బైజానీలు లక్షల్లో బయటపడ్డారు. వర్తాషేన్‌లోనూ అదే జరిగింది. అక్కడి ఆర్మేనియన్లతో పాటు ఆర్మేనియన్ చర్చికి చెందిన ఉదిలనూ వెళ్లగొట్టారు.

సోవియట్ పాస్‌పోర్టులో జాతికి ఒక గడి ఉండేది. చాలామంది ఉదిలకు అందులో 'ఉదిన్' అనే ఉంటుంది. అయినా గుంపుగా వచ్చినవాడు పాస్‌పోర్టు లోపలి పేజీ చూడడు. వాడికి తెలిసింది గుమ్మం మీది ఇంటిపేరు, ఏ చర్చికి వెళ్తారనేది, ఏ శ్మశానంలో పూడుస్తారనేది. 'యాన్' తోక ఉన్నవాడు ఆర్మేనియన్, అంతే. పై అధికారులు కూడా ఈ తేడాను విడదీసి కాపాడిన దాఖలా కనిపించదు. ఒక పాదిరి 1840ల్లోనో 1880ల్లోనో సిరాతో రాసిన రెండక్షరాలు మునిమనవడి ఇంటి తలుపు తట్టాయి.

ఆర్థడాక్స్ ఉదిల్లో కొందరు మిగిలారు. మరో పెద్ద ఉది ఊరు నిజ్ మాత్రం దాదాపు మొత్తంగా నిలబడింది, ఎందుకో ఆలోచించాలి. నిజ్ ఉదిల్లోనూ ఆర్మేనియన్ చర్చివాళ్లున్నారు, 'యాన్' పేర్లవాళ్లున్నారు. కాబట్టి మతమొక్కటే కారణమైతే వాళ్లూ పోవాల్సింది. నాకు అర్థమైనంతలో తేడా ఊరి అమరికలో ఉంది. గబాలా జిల్లాలోని నిజ్ విశాలంగా పరుచుకున్న పెద్ద గ్రామం, పేటలన్నీ ఉదిలవే. ఒక్కో ఇంటి చుట్టూ హేజెల్‌నట్, వాల్‌నట్, చెస్ట్‌నట్ తోట. పక్క ఊళ్లవాళ్లకు వీళ్లు ఎవరో తరతరాలుగా తెలుసు, 'వీళ్లు ఉదిలు' అని చెప్పేవాళ్లు వేలల్లో ఉన్నారు. మిశ్రమ పట్టణమైన వర్తాషేన్‌లో ఆ కోట లేదు. అక్కడ ఉది అని నిరూపించుకోవాల్సిన భారం ఒక్కొక్క ఇంటి మీద, ఒక్క రాత్రిలో పడింది.

1991లో వర్తాషేన్ పేరు ఒగూజ్‌గా మారింది. ఇప్పుడక్కడ మిగిలిన ఉదిలు బహు కొద్దిమంది.

జనాభా లెక్కలు మిగతాది చెబుతాయి. 1989లో అజర్‌బైజాన్‌లో 6,125 మంది ఉదిలు, 1999కి సుమారు 4,100, 2009కి 3,800. అదే సమయంలో రష్యాలో 1,102 నుంచి 2002కి 3,721, 2010కి 4,267. అంటే 2010 నాటికే సొంత నేల మీదకంటే రష్యాలో ఎక్కువమంది తేలారు. ఈ అంకెలన్నిటినీ వెళ్లగొట్టడం ఖాతాలోనే వేయడం సరికాదు. 1990ల్లో సోవియట్ వ్యవస్థ కూలి ఉపాధి పోయాక నిజ్ నుంచీ చాలామంది పని వెతుక్కుంటూ వెళ్లారు. కానీ నిజ్ నుంచి వెళ్లినవాడికి తిరిగొస్తే తోట ఉంది. వర్తాషేన్ నుంచి వెళ్లినవాడికి తాళంచెవి కూడా మిగలలేదు.

వెళ్లినచోట

ఎక్కువమంది చేరింది దక్షిణ రష్యాకే: క్రాస్నొదార్, రొస్తోవ్, స్తావ్‌రొపోల్, వోల్గోగ్రాద్ ప్రాంతాలు. కొందరు ఆర్మేనియాకు వెళ్లి, అజర్‌బైజాన్ నుంచి వచ్చిన ఆర్మేనియన్ శరణార్థుల్లో కలిసిపోయారు. కొందరు ఉక్రెయిన్, కజఖ్‌స్తాన్ చేరారు.

రష్యాలో అడుగుపెట్టగానే కావాల్సింది ప్రొపిస్కా, అంటే నివాస ముద్ర. అది లేకపోతే పక్కా ఉద్యోగం లేదు, పింఛను లేదు, బడిలో చేర్చడమూ కష్టమే. ముద్ర పడాలంటే నమోదైన ఇల్లు చూపాలి. ఇల్లు కొనాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు వదిలేసొచ్చిన ఇంట్లో ఉంది. ఇంతలో సోవియట్ యూనియన్ పోయింది. 1992 ఫిబ్రవరి 6న అమల్లోకి వచ్చిన రష్యా పౌరసత్వ చట్టం, ఆ రోజుకు అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లను పౌరులుగా తీసుకుంది. శాశ్వత నివాసానికి అధికారులు అడిగే రుజువు మళ్లీ ఆ ముద్రే. అది దొరకనివాడు లేని దేశపు పాస్‌పోర్టుతో మిగిలాడు. క్రాస్నొదార్ అధికారులు బయటి నుంచి వచ్చిన శరణార్థులకు నమోదు ఇవ్వడంలో ఎంత బిగిసిపోయారో, 1989లో ఉజ్బెకిస్తాన్ హింస నుంచి పారిపోయి వచ్చిన మెస్ఖేతియన్ టర్కుల ఉదంతంలో లోకమంతా చూసింది.

మూడు లిపుల పిల్లలు

ఉది వ్యాకరణంలో ఒక సంగతి భాషాశాస్త్రవేత్తలను ఏళ్ల తరబడి ఆకట్టుకుంది. 'నేను' అని తెలిపే గుర్తు మనకు క్రియ చివర వస్తుంది: అందుకున్నా-ను. ఉదిలో అది క్రియాధాతువును మధ్యలో చీల్చి లోపల కూర్చోగలదు. తీసుకోవడానికి ధాతువు 'అక్'. ఉత్తరం అందుకున్నాను అనాలంటే 'కాగుజాఖ్ అ-జ్-క్-ఎ'. ఆ 'జ్' అనేదే 'నేను'. విడదీస్తే ఏ అర్థమూ మిగలని రెండు ముక్కల మధ్య అది చేరుతుంది. మాట లోపలికి వ్యాకరణం ఇలా చొరబడదన్నది భాషాశాస్త్రంలో చాలామంది నమ్మిన సూత్రం. ఎలిస్ హారిస్ 2002లో ఉది ఉదాహరణలతోనే దానికి ఎదురు నిలిచింది.

ఇంత అరుదైన భాషను చెల్లాచెదురైన సమాజం ఎలా నిలబెట్టుకుంటుంది? 1934లో సుఖుమిలో లాటిన్ లిపిలో ఒక వాచకం అచ్చయింది, కానీ బడి చదువు నిలబడలేదు. 1974లో వొరోషిల్ గుకాస్యాన్ నిఘంటువు కిరిలిక్‌లో వచ్చింది. 1990ల్లో అజర్‌బైజాన్ లాటిన్‌కు మారాక, నిజ్ కోసం కొత్త లాటిన్ లిపితో వాచకం తయారైంది. అక్కడి బడిలో ఉది ప్రాథమిక తరగతుల్లో ఒక పాఠ్యాంశంగా ఉంది.  రష్యాలో 'నానాయ్ ముజ్' (అమ్మ భాష) పేరుతో వచ్చిన వాచకం కిరిలిక్‌లో ఉంది. జినోబియాని పిల్లలకు బడిలో అలవాటయ్యేది జార్జియన్ లిపి.

పదివేల మందికి మూడు లిపులు. నిజ్‌లో అమ్మమ్మ రాసిన ఉత్తరాన్ని క్రాస్నొదార్‌లో మనవరాలు అక్షరం అక్షరం తడుముకుని చదవాలి. పైగా నాలుగో తరగతితో ఆగిపోయే భాషలో పిల్లలు కథ చదవగలరేమో గాని ఫిర్యాదు రాయలేరు, వార్త రాయలేరు, లెక్క చెప్పలేరు. భాష వంటింటికి కుదించుకుపోతుంది.

వర్తాషేన్ మాండలికం సంగతి ఇంకా కష్టం. బెజానోవ్ సువార్తలకు ఆధారం అదే. ఆ మాండలికం మాట్లాడే ఊరే ఇప్పుడు లేదు. జినోబియానిలో కొన్ని ఇళ్లు, రష్యాలో విడివిడి కుటుంబాలు, అంతే.

వారసులు అనే బిరుదు

1960ల నుంచి బాకూ చరిత్రకారుల్లో ఒక బలమైన వాదం ఉంది. కరబాఖ్‌లోని మధ్యయుగపు చర్చిలు ఆర్మేనియన్లవి కావు, అల్బేనియన్లవి, అల్బేనియన్లకు బతికున్న వారసులు ఉదిలు అని. ఈ వాదంతో ఉదిలకు గౌరవం పెరిగింది. 2003లో అల్బేనియన్-ఉది క్రైస్తవ సమాజం ప్రభుత్వం దగ్గర నమోదైంది. రాబర్ట్ మొబిలి దానికి అధ్యక్షుడు. నిజ్‌లోని చోతారి చర్చిని నార్వే సహాయ సంస్థ తోడ్పాటుతో బాగుచేసి 2006లో తెరిచారు.

ఆ పునరుద్ధరణలోనే గోడల మీదా సమాధుల మీదా ఉన్న ఆర్మేనియన్ అక్షరాలను చెక్కేశారు. నార్వే రాయబారి స్టైనార్ గిల్ బహిరంగంగా నిరసన తెలిపాడు. ఆయన కోపం న్యాయమైనదే. ఆ చర్చిలో తాతముత్తాతలు ఆర్మేనియన్‌లో ప్రార్థించారు, ఆర్మేనియన్‌లోనే సమాధి రాళ్లు చెక్కించారు. అది ఉదిల చరిత్రలో భాగం, పరాయి చరిత్ర కాదు. అదే సమయంలో 1989లో పక్క ఊరి బంధువులకు ఏం జరిగిందో కళ్లారా చూసిన మనిషికి గోడ మీది ఆర్మేనియన్ అక్షరం ప్రమాదంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. నేను నిజ్ ప్రజల్ని తప్పుపట్టను. అక్షరం మీద ఆ భయాన్ని పెంచిన రాజకీయాన్ని తప్పుపడతాను.

2020 యుద్ధం తర్వాత ఉది ప్రతినిధుల్ని అజర్‌బైజాన్ చేతికి వచ్చిన దాదివాంక్ మఠానికి తీసుకెళ్లి ఆరాధన చేయించారు. 2022 ఫిబ్రవరిలో సాంస్కృతిక మంత్రి అనార్ కరీమోవ్, అల్బేనియన్ ఆలయాల మీద ఆర్మేనియన్లు చేర్చిన 'కల్పిత జాడలు' తొలగించడానికి ఒక బృందం వేస్తున్నామని ప్రకటించాడు. అంతర్జాతీయంగా గోల లేచాక మంత్రిత్వ శాఖ మాట సవరించుకుంది. ఇక ఆర్మేనియా వైపు పాత వాదం ఒకటుంది: మా చర్చిలో ఉన్నారు కాబట్టి ఉదిలు మావాళ్లే, అల్బేనియన్ అనేది బాకూ కట్టుకథ అని. రెండు వాదాల్లోనూ ఉదిలు సాక్ష్యపు వస్తువులే. వాళ్లకంటూ ఒక అవసరం, ఒక నష్టం ఉన్నాయని ఎవరూ అడగరు.

ఆ చర్చి సంగతే చూడండి. గోడలున్నాయి, రిజిస్ట్రేషన్ ఉంది. కానీ పాదిరిని నియమించాలంటే బిషప్ చేయి వేయాలి, బిషప్‌ను నియమించాలంటే బిషప్‌లే కావాలి. ఆ వరస రెండు శతాబ్దాల క్రితమే తెగింది. మళ్లీ కట్టాలంటే ఏదో ఒక పాత చర్చి సాయపడాలి: ఎచ్మియాడ్జిన్, జార్జియా, లేదా మాస్కో. ఈ మూడింటి నుంచి వచ్చిన 'యాన్', 'ష్విలి', 'ఓవ్' తోకలే కదా ఇంతదాకా తెచ్చింది.

చేయదగిన పనులు

వర్తాషేన్ నుంచి వెళ్లిపోయిన ఉదిల పేర్లు, ఇళ్ల చిరునామాలు, 1988 నాటి గృహ రిజిస్టర్ల ఆధారంగా ఒక జాబితా తయారు కావాలి. అది ఒగూజ్ జిల్లా కార్యాలయం చేయగలిగే పని. ఇల్లు తిరిగి ఇవ్వలేకపోతే పరిహారం లెక్కకట్టడానికి అదే మొదటి కాగితం. నిజ్ బడిలో ఉదిని తొమ్మిదో తరగతి దాకా తీసుకెళ్లాలి. దానికి ముందు ఉపాధ్యాయుల శిక్షణ కావాలి, ఎందుకంటే భాష రావడం వేరు, దాన్ని పై తరగతిలో వ్యాకరణంతో సహా చెప్పడం వేరు. నిజ్, రష్యా వాచకాలను పక్కపక్కన రెండు లిపుల్లో ఒకే పుస్తకంగా అచ్చేయడం డబ్బుపరంగా పెద్ద పని కాదు. కొద్దివేల ప్రతులు చాలు. జినోబియానిలో మిగిలిన వర్తాషేన్ మాండలికాన్ని ధ్వనిముద్రణ చేయడం అన్నిటికన్నా తొందర పని, ఎందుకంటే దాన్ని మాట్లాడేవాళ్లు పెద్దవయసువాళ్లు.

అన్నిటికన్నా ముందు సరిహద్దు తెరవాలి. ఆర్మేనియన్‌లా వినిపించే ఇంటిపేరు ఉంటే, చేతిలో రష్యన్ పాస్‌పోర్టు ఉన్నా అజర్‌బైజాన్ అధికారులు విమానాశ్రయం నుంచే వెనక్కి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2017లో రష్యా విదేశాంగ శాఖ దీని మీద బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. అదే అలవాటు కొనసాగితే, 'యాన్' తోకతో వోల్గోగ్రాద్‌లో పెరిగిన ఉది మనిషి తాత సమాధి చూడటానికి ఒగూజ్ వెళ్లగలడన్న భరోసా లేదు. కాఖేతి నుంచి రోడ్డు మార్గాన లగొదేఖి మీదుగా జకతాల, షేకి దాటితే ఒగూజ్ వస్తుంది. 2020 మార్చిలో కోవిడ్ పేరుతో మూసిన ఆ భూసరిహద్దును సాధారణ ప్రయాణికులకు ఏళ్ల తరబడి తెరవలేదు. అల్బేనియా వారసులని వేదికల మీద పిలిచే ప్రభుత్వం, ఇంటిపేరు ఏదైనా ఉది మూలం చూపినవాళ్లకు రాకపోకల అనుమతి ఇస్తూ ఒక ఉత్తర్వు జారీ చేయవచ్చు. దానికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు. మూలం చూపడానికి 1989 నాటి సోవియట్ పాస్‌పోర్టు జాతి గడిలో 'ఉదిన్' అన్న మాట, లేదా తల్లిదండ్రుల జనన పత్రం సరిపోతుంది.